లేహ్‌లో దిగిన రోజు గది దాటొద్దు

ప్రశ్న: మాది హనుమకొండ. ఈ వేసవి సెలవుల్లో, బడులు తెరిచేలోపు లద్దాఖ్ పోయి రావాలనుకుంటున్నాం. నేను, మావారు, ఏడేళ్ల బాబు, అత్తమ్మ (58), మామయ్య (64). మామయ్యకు బీపీ, షుగర్ ఉన్నాయి. మాత్రలతో అదుపులోనే ఉంటాయి. ట్రావెల్స్ అతను ఐదు రాత్రుల ప్యాకేజీ ఇచ్చాడు. మొదటి రోజు పొద్దున లేహ్‌లో దిగడం, మధ్యాహ్నం శాంతి స్తూపం, లేహ్ ప్యాలెస్. రెండో రోజు ఖర్దూంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయ. మూడో రోజు ష్యోక్ నది దారిలో పాంగాంగ్ సరస్సు, రాత్రి టెంటులో. నాలుగో రోజు చాంగ్ లా మీదుగా లేహ్. ఐదో రోజు సంగమం, షాపింగ్. ఆరో రోజు తిరుగు విమానం. ఇది మాకు సరిపోతుందా? ఆక్సిజన్ డబ్బాలు కొనుక్కోవాలా? కర్పూరం దగ్గర పెట్టుకుంటే చాలంటున్నారు, నిజమేనా? మందులు, బట్టలు, ఫోన్ సంగతి కూడా చెప్పగలరు.
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: మీ ప్యాకేజీలో చూడాల్సినవన్నీ ఉన్నాయండీ, లేనివల్లా మూడు రోజులు. ఆ మూడు రోజులు కలపకుండా మాత్రం మామయ్యగారిని, బాబును తీసుకుని బయలుదేరకండి. డబ్బు సరిపోకపోతే పాంగాంగ్ టెంటు తీసేయండి, హోటల్ స్థాయి ఒక మెట్టు దించండి. రోజులు మాత్రం కోయకండి.

ఎందుకో చెప్తాం. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది. లేహ్ 3,500 మీటర్లు. రాత్రి శంషాబాద్‌లో ఎక్కి, ఢిల్లీలో మారి, పొద్దున్నే లేహ్‌లో దిగుతారు. అంటే ఒక్క రాత్రిలో మూడు కిలోమీటర్లకు పైగా నిలువునా ఎక్కినట్టు. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. కానీ గాలి పలచన. పీడనం ఇక్కడున్న దాంట్లో మూడింట రెండు వంతులే కాబట్టి ఒక్కో ఊపిరిలో అందే ఆక్సిజన్ కూడా అంతే. ఖర్దూంగ్ లా మీద (5,359 మీటర్లు) అది సగం కంటే కొంచెమే ఎక్కువ.

ఈ లోటును పూడ్చుకోవడానికి ఒళ్లు వెంటనే చేసే పని ఊపిరి జోరు పెంచడం. అలా ఎక్కువగా వదిలినప్పుడు ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ పోయి రక్తం క్షార గుణం వైపు మొగ్గుతుంది. అది చూసి మెదడు మళ్లీ ఊపిరికి కళ్లెం వేస్తుంది. ఆ ఎక్కువైన క్షారాన్ని మూత్రపిండాలు మూత్రంలో బయటికి పంపితేనే ఆ కళ్లెం వదులవుతుంది. దానికి వాటికి రెండు మూడు రోజులు పడుతుంది. పైకి పోయినవాళ్లు మొదట్లో మాటిమాటికీ మూత్రానికి లేవడం ఇందువల్లే. అది మంచి గుర్తు, కంగారు పడొద్దు. మనం లేహ్‌లో కాళ్లు కట్టుకుని కూర్చునే రెండు రోజులు మూత్రపిండాలకు ఇచ్చే గడువన్నమాట.

మొదటి రోజు మోసం చేస్తుంది, అసలు చిక్కంతా అక్కడే. దిగగానే ఎవరికీ ఏమీ అనిపించదు. ఎండ బాగుంటుంది, కొండలు కనిపిస్తుంటాయి, "మాకేం కాలేదు చూడు" అని ఇంటికి వీడియో కాల్ కూడా చేస్తారు. తలనొప్పి, వికారం, నీరసం సాధారణంగా ఎత్తుకు చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల మధ్య మొదలవుతాయి. పొద్దున ఎనిమిదింటికి దిగినవాళ్లకు అది సాయంత్రం. మధ్యాహ్నం శాంతి స్తూపం మెట్లెక్కి వచ్చారంటే, ఆ తలనొప్పి మీద ఇంకో రెండింతలు అప్పు తెచ్చుకున్నట్టే.

అందుకని మొదటి రోజు ఇలా గడపండి. హోటల్‌లో కింది అంతస్తు గది ముందే అడిగి పెట్టుకోండి. లేహ్‌లో చాలా గెస్ట్‌హౌస్‌లకు లిఫ్ట్ ఉండదు, రెండో అంతస్తు గదైతే రోజుకు పదిసార్లు దమ్ము పోతుంది. సూట్‌కేసులు మీరు మోయొద్దు, హోటల్ కుర్రాళ్లకు వదిలేయండి. పడుకోండి, కూర్చోండి, వరండాలో నాలుగడుగులు వేయండి. మధ్యాహ్నమంతా గుర్రు పెట్టి నిద్రపోవడం మాత్రం మంచిది కాదు, నిద్రలో ఊపిరి ఇంకా నెమ్మదిస్తుంది. ఆకలి లేకపోయినా అన్నం, పప్పు, సూప్ లాంటివి కొంచెం కొంచెం తినాలి. నీళ్లు మూత్రం లేత పసుపుగా వచ్చేంత తాగితే చాలు. "రోజుకు ఆరు లీటర్లు తాగు" అనే సలహాలు వింటారు. అంత తాగితే ఒంట్లో సోడియం పడిపోయి దానివల్ల కూడా తలనొప్పి, వికారం వస్తాయి, అప్పుడు ఏది ఎందుకొచ్చిందో తేల్చుకోలేరు. మద్యం, సిగరెట్, నిద్రమాత్రలు మొదటి మూడు రోజులు వద్దు. మీవారికి కూడా చెప్పండి.

ఆ రాత్రి జరిగేది ఒకటి ముందే తెలిస్తే మంచిది. రెండింటికి అత్తమ్మకు మెలకువ వస్తుంది. పక్కన మామయ్యగారు ఊపిరి తీస్తూ తీస్తూ ఆగిపోతారు. ఐదు క్షణాలు, పది క్షణాలు చప్పుడే ఉండదు. ఆ తర్వాత ఒక్కసారిగా పెద్ద ఊపిరి, గబగబా నాలుగైదు, మళ్లీ నెమ్మది, మళ్లీ ఆగడం. ఎత్తుల్లో నిద్రపోయేవాళ్లలో ఇది మామూలే, ముందు చెప్పిన కళ్లెం వేయడం, వదలడం అనే గుంజులాటే. లేపితే మామూలుగా మాట్లాడి, కూర్చున్నప్పుడు ఆయాసం లేకుండా ఉంటే ఏం కాదు. రెండు దిండ్లు పెట్టి తల ఎత్తుగా ఉంచండి.

ఇక ప్రయాణ క్రమం. ఎత్తు ప్రాంతాల్లో లెక్కలోకి తీసుకోవాల్సింది పగలు ఎంత పైకి పోయామన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి. పర్వత వైద్యులు చెప్పే లెక్క ఇది. దీంతో మీ ప్యాకేజీని కొలవండి. నుబ్రాలో హుందర్, డిస్కిట్ ఊళ్లు 3,100 మీటర్ల దగ్గరే ఉంటాయి, లేహ్ కంటే కిందికి. అక్కడ పడుకోవడం సుఖం. మధ్యలో ఖర్దూంగ్ లా దాటడం పెద్ద ఎత్తే అయినా పది పదిహేను నిమిషాల్లో ఫొటో దిగి కిందికి జారిపోతే చాలామందికి ఇబ్బంది ఉండదు. అయితే అది రెండో రోజు కాదు, నాలుగో రోజు చేయాలి. పాంగాంగ్ అలా కాదు. సరస్సు ఒడ్డు దాదాపు 4,250 మీటర్లు. నుబ్రాలో పడుకున్న మర్నాడే అక్కడ పడుకోవడమంటే ఒక్క రోజులో పదకొండు వందల మీటర్ల పైన ఎక్కినట్టు. మీ ప్లాన్‌లో అన్నిటికంటే చెడ్డ రాత్రి అదే.

మేమైతే ఇలా మారుస్తాం. మొదటి రోజు గది. రెండో రోజు కూడా లేహ్‌లోనే, సాయంత్రం బజారులో నెమ్మదిగా నడక, అంతే. మూడో రోజు సింధు నది వెంట కిందికి, నిమ్ము దగ్గర సింధు–జంస్కార్ సంగమం, పథ్థర్ సాహిబ్ గురుద్వారా, వీలైతే ఆల్చి బౌద్ధ విహారం. ఆల్చి 3,100 మీటర్ల దగ్గర ఉంటుంది, లోపలి కుడ్యచిత్రాలు చూడటానికి టార్చ్ పట్టుకెళ్లండి, ఫొటోలు తీయనివ్వరు. ఐదో రోజు షాపింగ్‌తో పాటు చూపిస్తానన్న సంగమాన్ని మీ ట్రావెల్స్ అతను ఇలా ముందుకు తేవాలి. ఆ దారంతా లేహ్ కంటే పెద్ద ఎత్తు కాదు, ఒంటికి అలవాటు పడే రోజున చూడాల్సింది అదే. నాలుగో రోజు నుబ్రా, రెండు రాత్రులు అక్కడే. హుందర్ ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు బాబుకు నచ్చుతాయి. తుర్తుక్ ఊరి దాకా పోతారా లేదా అన్నది మామయ్యగారి నడుమును బట్టి. ఆరో రోజు అదే దారిన లేహ్. ఏడో రోజు పాంగాంగ్ పొద్దున్నే పోయి సాయంత్రానికి తిరిగి రావడం, ఒక్కో వైపు ఐదు గంటల దాకా పడుతుంది. పెద్దవాళ్లు ఆ రోజు లేహ్‌లో ఉండిపోతే ఇంకా మంచిది. ఎనిమిదో రోజు ఖాళీ. తొమ్మిదో రోజు విమానం. ఆ ఖాళీ రోజు విలాసం కాదు. లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దుటి పూటే తిరుగుతాయి, మధ్యాహ్నానికి గాలులు లేస్తాయి, ఎండకు పలచబడ్డ గాలిలో విమానం ఎక్కువ బరువు ఎత్తలేదు. పొద్దున మబ్బు పట్టి రద్దయితే మళ్లీ మర్నాడే. ఢిల్లీ నుంచి తిరుగు రైలో విమానమో అదే రోజు బుక్ చేసుకున్నవాళ్లు అక్కడ దెబ్బతింటారు.

రోజులు ఇంకా ఉంటే దీనికంటే మంచి దారి నేల మీద పోవడం. వరంగల్ మీదుగా పోయే అండమాన్ ఎక్స్‌ప్రెస్ కత్రా దాకా వెళ్తుంది. కత్రా నుంచి శ్రీనగర్‌కు 2025 జూన్ నుంచి నేరుగా రైలుంది, చీనాబ్ వంతెన మీదుగా. శ్రీనగర్ 1,585 మీటర్లు, అక్కడ రెండు రాత్రులు. తర్వాత జోజి లా దాటి కార్గిల్‌లో (2,676 మీటర్లు) ఒక రాత్రి. మర్నాడు నమిక లా, ఫోటు లా కనుమల మీదుగా లేహ్. మెట్టు మెట్టుగా ఎక్కుతారు కాబట్టి లేహ్ చేరేసరికి ఒళ్లు సగం పని చేసుకుని ఉంటుంది. వచ్చేటప్పుడు విమానం ఎక్కండి, దిగడానికి ఏ జాగ్రత్తా అక్కర్లేదు. కశ్మీర్ దారి పరిస్థితి మాత్రం బయలుదేరే వారం ముందు వార్తల్లో చూసుకోండి. మనాలి నుంచి పోయే దారి పోస్టర్లలో బాగుంటుంది, మీ కుటుంబానికి మాత్రం వద్దంటాం. ఆ దారిలో చాలామంది రాత్రి ఆగే సర్చు 4,290 మీటర్లు. మనాలి 2,050. రాత్రి ఒంట్లో బాగాలేదంటే అటూ ఇటూ అంతకంటే ఎత్తైన కనుమలే.

మందుల సంగతి. డయామాక్స్ అని అందరూ చెప్పే మాత్ర అసలు పేరు ఎసిటజోలమైడ్. ఇందాక చెప్పిన క్షారాన్ని మూత్రపిండాలు త్వరగా వదిలేలా చేయడమే దాని పని. రెండు రోజుల పనిని ఒక రోజుకు తెస్తుందే తప్ప నొప్పిని కప్పిపెట్టదు. పెద్దలకు మామూలుగా 125 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, విమానం ఎక్కే ముందు రోజు మొదలుపెట్టి పైకి చేరాక రెండు రోజులు. షాపుల్లో దొరికేది 250 మాత్ర, దాన్ని సగం చేయాలి. వేళ్ల చివర్లు, పెదవులు తిమ్మిరెక్కడం, సోడా చప్పగా అనిపించడం దాని లక్షణాలే, భయపడకండి. కానీ సల్ఫా మందులు పడనివాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా ముట్టుకోకూడదు. మామయ్యగారి బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేది ఒకటి కలిసి ఉండొచ్చు. రెండూ కలిస్తే ఒళ్లు ఎండిపోతుంది, పొటాషియం పడిపోతుంది. ఆయన వాడే చీటీ మొత్తం పట్టుకుని ఇక్కడే డాక్టరుకు చూపించండి. ఈసీజీ, కిడ్నీ పరీక్ష, మూడు నెలల షుగర్ పరీక్ష ఒక నెల ముందు చేయించండి. స్టెంట్ వేసినా, ఈ ఏడాదిలో గుండె ఇబ్బంది వచ్చినా గుండె డాక్టరు సరే అనేదాకా టికెట్లు వద్దు. ఇంట్లో మీరే ఒక పరీక్ష పెట్టొచ్చు: రెండంతస్తుల మెట్లు మాట్లాడుతూ, ఆగకుండా ఎక్కగలరా చూడండి. బీపీ, షుగర్ మాత్రలు అక్కడ ఒక్క పూట కూడా మానొద్దు, అన్నం తక్కువ తిన్న రోజు షుగర్ పడిపోకుండా చూసుకోండి. గ్లూకోమీటర్‌ను చలికి బయట ఉంచితే తప్పుడు అంకె చూపిస్తుంది, లోపలి జేబులో పెట్టుకోండి.

బాబుకు మాత్ర మోతాదు బరువును బట్టి పిల్లల డాక్టరే చెప్పాలి. పిల్లలు "తల నొస్తుంది" అని సరిగ్గా చెప్పరు. అన్నం ముట్టకపోవడం, ఊరికే ఏడవడం, ఆటకు లేవకపోవడం, వాంతి, ఇవి కనిపిస్తే ప్రయాణ బడలిక అనుకోకుండా ఎత్తు వల్లే అనుకోండి.

ఆక్సిజన్ డబ్బాలు ఇక్కడ కొనొద్దు, విమానంలో ఎక్కనివ్వరు. లేహ్ బజారులో దొరికే చేతి డబ్బాల లెక్క చూడండి: పది లీటర్ల డబ్బా నుంచి, ఆసుపత్రిలో ఇచ్చినట్టు నిమిషానికి రెండు లీటర్లు వదిలితే ఐదు నిమిషాల్లో ఖాళీ. ఊరట తప్ప ఇంకేమీ లేదు. దానికి బదులు కారులో రెగ్యులేటర్, మాస్కుతో సహా నిజమైన సిలిండర్ ఉందా అని అడగండి. ఉందని చెప్తే సరిపోదు, బయలుదేరే ముందు దాని మీద పీడనం చూపే ముల్లు ఎక్కడుందో చూపించమనండి.

కర్పూరం ఊసు ఎవరు మొదలుపెట్టారోగానీ ఊరూరా పాకింది. ముక్కుకు చల్లగా తగిలి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఒక్క అంకె పెరగదు. పైగా ఏడేళ్ల పిల్లవాడు ఉన్న సంచిలో కర్పూరం బిళ్లలు పెట్టకండి. మింగితే ఫిట్స్ వస్తాయి.

ఆక్సీమీటర్ తీసుకెళ్లండి, కానీ దాన్ని దేవుణ్ని చేయకండి. ఐదు నిమిషాలు కూర్చుని, చెయ్యి రుద్ది వెచ్చబెట్టి, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగి చూడాలి. చల్లటి వేలు, గోళ్ల రంగు, ముదురు గోరింటాకు ఉంటే తప్పు చూపిస్తుంది. పెళ్లిళ్ల కాలం కదా, అత్తమ్మకు ఒక వేలు వదిలి పెట్టమనండి. లేహ్‌లో మొదటి రోజు 85 నుంచి 90 చాలామందికి కనిపిస్తుంది. ఇక్కడ 98 చూసి అలవాటైనవాళ్లు బెదిరిపోతారు. రోజురోజుకూ పెరుగుతుందా అన్నది చూసుకోండి. 80 కంటే దిగి మనిషి కూడా నలతగా ఉంటే ఆసుపత్రికి పోండి.

ఎప్పుడు పోవాలో సూటిగా చెప్తాం. తలనొప్పి మాత్రమే ఉంటే డోలో వేసుకుని ఆ రోజు అక్కడే ఆగండి, తగ్గేదాకా ఇంకో మీటరు ఎక్కొద్దు. తలనొప్పి మాత్రకు లొంగక వాంతులు తోడైతే డాక్టరు. కూర్చున్నా ఆయాసం, పడుకుంటే దగ్గు, గులాబీ రంగు నురగ, పెదవులు నీలం అయితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని. ఇది ఎక్కువగా రెండో రాత్రి నుంచి బయటపడుతుంది. మాట తడబడటం, అయోమయం, తూలడం మెదడు వాపు గుర్తులు. అనుమానం వస్తే గచ్చు మీద గీత వెంట నడిపించండి, ఒక కాలి మడమ ఇంకో కాలి బొటనవేలికి తగిలేలా పది అడుగులు. తాగినవాడిలా పక్కకు పడిపోతుంటే ఇక తెల్లారేదాకా చూడొద్దు, రాత్రి ఎంతైనా సరే ఆక్సిజన్ పెట్టి, కిందికి దించి, ఆసుపత్రికి చేర్చాలి. లేహ్‌లో సోనమ్ నోర్బూ స్మారక ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఎత్తు జబ్బులు వాళ్లకు రోజూ చూసే పనే. నుబ్రాలో డిస్కిట్‌లో, పాంగాంగ్ దారిలో తాంగ్‌త్సేలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలున్నాయి.

ఇక్కడే పాంగాంగ్ రాత్రి ఎందుకు వద్దన్నామో మళ్లీ చూడండి. అక్కడ అర్ధరాత్రి ఊపిరాడక లేహ్ ఆసుపత్రికి పోవాలంటే చాంగ్ లా దాటాలి, అది 5,300 మీటర్ల పైమాట. దిగాల్సిన మనిషిని ముందు వెయ్యి మీటర్లు ఎక్కించాలి. మొదట తాంగ్‌త్సే దాకా దించి అక్కడ ఆక్సిజన్ పెట్టించడమే ఆ రాత్రికి ఉన్న దారి. నుబ్రాకు కూడా మధ్యలో కనుమ ఉంది, కానీ అక్కడ పడుకునే చోటే పల్లం కాబట్టి ఆ అవసరం అరుదు.

మీ ఉత్తరంలో లేదుగానీ ఉత్తర తెలంగాణ నుంచి కొండలకు పోయే ప్రతి ఒక్కరికీ చెప్పాల్సిన మాట ఒకటుంది: సికిల్ సెల్, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక రక్త జబ్బు. ములుగు, ఏటూరునాగారం, ఆదిలాబాద్ వైపు ఆదివాసీ కుటుంబాల్లో ఇది ఎక్కువ, ఇతరుల్లోనూ ఉంటుంది. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే మోసేవాళ్లకు ఇక్కడ జీవితమంతా ఏమీ తెలియదు. అంత ఎత్తుకు పోయినప్పుడు ఎర్ర కణాలు కొడవలిలా వంగి ప్లీహంలో రక్తం అడ్డుపడొచ్చు. ఎడమ పక్కటెముకల కింద పొడిచినట్టు నొప్పి వస్తుంది. గ్యాస్ అనుకుని జెలుసిల్ తాగి పడుకుంటారు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో ఆదివాసీ ప్రాంతాల్లో ఉచితంగా పరీక్ష చేసి కార్డులిస్తున్నారు. ఇంటి వైపు ఎవరికైనా ఉందని తెలిస్తే మీ ఇంట్లో ఆ రక్తబంధువులందరూ పరీక్ష చేయించుకోండి. ఉన్నట్టు తేలితే ఈ ప్రయాణం డాక్టరుతో మాట్లాడాకే.

రోడ్డు విషయంలో ఒక్క అలవాటు మార్చుకోవాలి. మన దగ్గర వాగులు వాన పడితే పొంగుతాయి, అక్కడ ఎండ కాస్తే పొంగుతాయి. పొద్దున పాదం తడవని ఏరు, పైన మంచు కరిగి మధ్యాహ్నం రెండింటికి బండి చక్రం మునిగేంత వస్తుంది. అందుకే డ్రైవర్ ఆరింటికే బయలుదేరుదామంటే టిఫిన్ కోసం తొమ్మిది దాకా ఆపకండి. ష్యోక్ దారిలో ఇలాంటివి ఎక్కువ, మేము నుబ్రా నుంచి లేహ్ తిరిగి రమ్మనడానికి అది ఇంకో కారణం. మలుపుల్లో బాబుకు కడుపు తిప్పితే అవోమిన్ అరగంట ముందు ఇవ్వడానికి డాక్టరును అడిగి పెట్టుకోండి.

బట్టల దగ్గర అందరూ చేసే పొరపాటు ఒక పెద్ద లావుపాటి కోటు కొనడం. మే నెలాఖరు, జూన్ మొదట్లో లేహ్‌లో పగలు 20 డిగ్రీల దాకా వచ్చి చెమట పడుతుంది, రాత్రి స్వెట్టర్ కావాలి, పాంగాంగ్‌లో రాత్రి సున్నా దగ్గరికి పోతుంది. కాబట్టి పొరలుగా వేసుకోవాలి: లోపల థర్మల్, మీద ఉన్ని లేదా ఫ్లీస్, పైన గాలి ఆపే జాకెట్. మేలో మన ఊళ్లో థర్మల్స్ దొరకడం కష్టం, మిగిలిన పాత సరుకుకు రేటు చెప్తారు. చలికాలంలో రోడ్ల పక్కన స్వెట్టర్లు అమ్మేటప్పుడే కొని పెట్టుకోవాల్సింది. ఇప్పుడైతే లేహ్ బజారులో కొనడం మేలు. ఎండ ఇక్కడి కంటే చల్లగా ఉన్నా చర్మాన్ని ఎక్కువ కాలుస్తుంది. నల్ల కళ్లద్దాలు బాబుకు కూడా కావాలి, పెదవులకు వ్యాజిలిన్, ముఖానికి సన్‌స్క్రీన్. గదిలో, టెంటులో బొగ్గు కుంపటి గానీ గ్యాస్ హీటర్ గానీ పెట్టుకుని తలుపులు మూసి పడుకోకండి, మనుషులు పోయిన సందర్భాలున్నాయి.

ఫోన్ మాట: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. ఇంట్లో కనీసం రెండు నంబర్లు పదిహేను రోజుల ముందే పోస్ట్‌పెయిడ్‌కు మార్పించండి. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే కూడా లేదు కాబట్టి లేహ్‌లోనే డబ్బు తీసి పెట్టుకోండి, మొత్తం ఒకరి పర్సులో కాకుండా. నుబ్రా, పాంగాంగ్ వైపు పోయేవాళ్లు లేహ్ అధికారుల వెబ్‌సైట్‌లో పేర్లు నమోదు చేసి పర్యావరణ రుసుము కట్టాలి. నిబంధనలు అప్పుడప్పుడు మారతాయి కాబట్టి పోయే వారంలో చూసుకోండి. అందరి ఆధార్ అసలు కార్డులు, ఐదేసి జిరాక్స్ కాపీలు పెట్టుకోండి.

తిండి దగ్గర మన వాళ్లకు ఇబ్బంది అన్నం. లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, పాంగాంగ్‌లో ఇంకా తక్కువకే. మరుగుతున్నాయి కదా అని గిన్నెలో వండితే పైన మెత్తబడి లోపల పలుకు మిగులుతుంది, పప్పు అయితే ఉడకనే ఉడకదు. కుక్కర్ లేకుండా ఎవరూ వండరు. మీరు సొంతంగా వండుకోవాలనుకుంటే బియ్యం అరగంట నానబెట్టి, కొంచెం నీళ్లు ఎక్కువ పోసి, ఇంటి కంటే రెండు కూతలు ఎక్కువ రానివ్వండి. హోటల్ గదిలో కరెంటు కెటిల్‌లో ఉప్మా పొడి, అటుకులు బాగా వస్తాయి. సకినాలు, పల్లీలు తీసుకెళ్లండి. సర్వపిండి మొదటి రోజుకే. మామిడి తొక్కు సీసా నిండుగా నింపి పైన గాలి లేకుండా మూతకు టేపు వేయండి. సగం సీసాలో ఉన్న గాలి పైకి పోయినకొద్దీ ఉబ్బి నూనెను బయటికి నెడుతుంది. చిప్స్ ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బి ఉండటం అక్కడ చూస్తారు, బాబుకు చూపించండి.

బడులు జూన్ 12 దగ్గర తెరుస్తారు కాబట్టి మీకు దొరికేది మే చివరి వారం నుంచి. కనుమల మీద ఇంకా మంచు గోడలు ఉంటాయి, అది అందమే. మాట వరసకు దసరా సెలవులు కూడా మంచి కాలమే, ఆకాశం నిర్మలంగా, ఏరులు తగ్గి ఉంటాయి. కానీ సద్దుల బతుకమ్మ వదిలి అత్తమ్మ వస్తారా అన్నది మీరే చూసుకోవాలి.

ట్రావెల్స్ అతనికి ఫోన్ చేసినప్పుడు ముందు ఈ నాలుగు అడగండి: మూడు రోజులు పెంచితే ఎంతవుతుంది, కింది అంతస్తు గదులు రాసి ఇస్తారా, ఎవరికైనా బాగాలేక పాంగాంగ్ మానుకుంటే డబ్బు ఎంత వెనక్కి ఇస్తారు, నుబ్రాకు, పాంగాంగ్‌కు తిప్పే బండి నంబరు ఎల్ఏ (లద్దాఖ్) తో మొదలవుతుందా. శ్రీనగర్, మనాలి నుంచి వచ్చిన ట్యాక్సీలను లేహ్ చుట్టుపక్కల తిప్పనివ్వరు, దారిలో దింపేస్తారు. అక్కడి ట్యాక్సీ యూనియన్ ఏటా రేట్ల పట్టిక అచ్చు వేస్తుంది, అది తెప్పించుకుని చూస్తే ఆయన ప్యాకేజీలో బండికి ఎంత వేసుకున్నాడో మీకే తెలుస్తుంది. రెండో రోజు ఖర్దూంగ్ లా తీసేయడానికి ఒప్పుకోకపోతే వేరే ట్రావెల్స్ చూసుకోండి.